మూడో గ్లాసు: విన్న మాటను ఇంట్లోనే పరీక్షించుకోవడం ఎలా

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి మొన్న ఎండాకాలం నీళ్ల ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. ఎండకి మొహం కందిపోయి ఉంటే మా అత్తయ్య కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. తాగి, బ్యాగులోంచి రెండు గాజు గ్లాసులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్లు పోశాడు, రెండోదాంట్లో తను సీసాలో తెచ్చుకున్న ఆర్వో నీళ్లు పోశాడు. రెండూ ఒకేలా తేటగా ఉన్నాయి. నాలుగు లోహపు కడ్డీలున్న చిన్న పరికరం తీసి, రెండేసి కడ్డీలు ఒక్కో గ్లాసులో మునిగేలా పెట్టి స్విచ్ వేశాడు. కాసేపటికే కుళాయి నీళ్లలో బుడగలు లేచాయి. కడ్డీ చుట్టూ పచ్చటి తెట్టు కట్టింది. అది గోధుమ రంగుకి తిరిగి, చూస్తుండగానే గ్లాసంతా బురదగుంటలా అయిపోయింది. పక్క గ్లాసులో నీళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

"చూశారా అమ్మా, మీరు రోజూ తాగేది ఇదే" అన్నాడు.

అత్తయ్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మా పాప తాగుతున్న సీసా గబుక్కున కింద పెట్టేసింది. ఆ క్షణంలో ఎంత డబ్బు అడిగినా ఇచ్చేస్తాం.

నేను వంటింట్లోంచి ఇంకో గ్లాసు, ఉప్పు డబ్బా తెచ్చాను. "బాబూ, నీ ఆర్వో నీళ్లే ఇందులో పొయ్యి. చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వెయ్యి" అన్నాను. వేశాడు. ఆ ఆర్వో నీళ్లే, కుళాయి నీళ్లకంటే తొందరగా, గోధుమ రంగుకి తిరిగాయి. మాతోపాటు ఆ అబ్బాయి కూడా గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాడు. పాపం, అతనికి నిజంగా తెలియదు. ట్రైనింగులో అలా చేసి చూపించమన్నారు, చూపిస్తున్నాడు.

జరిగింది ఇదీ. ఆ కడ్డీల్లో ఇనుముది కూడా ఉంటుంది. లవణాలు కరిగిన నీళ్లలో కరెంటు బాగా పారుతుంది. పారినప్పుడు ఇనుప కడ్డీ అరిగి నీళ్లలోకి దిగి తుప్పు కడుతుంది. మాకు కనిపించిన బురద ఆ తుప్పే. కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలు మామూలుగానే ఉంటాయి కాబట్టి కరెంటు పారింది. ఆర్వో వాటిలో చాలా భాగం తీసేస్తుంది కాబట్టి పారలేదు. ఉప్పు పడగానే పారింది. బురద వచ్చింది నీళ్లలోంచి కాదు, కడ్డీలోంచి. అలాగని మా కుళాయి నీళ్లు మంచివని తేలిపోలేదు. వాటిలో క్రిములున్నాయో లేవో ఆ పరికరానికి తెలిసే వీలే లేదు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీల్లో ఆర్వో నిజంగానే అవసరం కావచ్చు. అది లెక్క చూసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం, భయపడి తీసుకునేది కాదు. (కరెంటుతో ఈ పని మీరు సొంతంగా చేయొద్దు. వచ్చినవాళ్ల పరికరంతో వాళ్ల చేతే చేయించండి.)

ఆ ఉప్పు గ్లాసుకి నేను మూడో గ్లాసు అని పేరు పెట్టుకున్నాను. చూపించేవాళ్లు తమ వెంట తీసుకురాని గ్లాసు అది. వాళ్ల మాట తప్పయితే ఆ తప్పు బయటపడే చోటు. దాన్ని ఏ విషయంలోనైనా ఎలా వెతకాలో, నేను చేసి చూసిన వరుసలోనే చెబుతాను.

మొదట మాటను కాగితం మీద పెట్టండి

"రేషన్ బియ్యంలో ఏదో కలుపుతున్నారంట" అనే మాటను ఎవరూ పరీక్షించలేరు. "ఈ సంచిలో తెల్లటి గింజల మధ్య ఉన్న ఈ పసుప్పచ్చ గింజ ప్లాస్టిక్" అంటే పరీక్షించవచ్చు. కాబట్టి ఒక్క వాక్యం రాయండి. ఏ వస్తువు, ఏమవుతుంది, ఎంతసేపట్లో అన్నది అందులో ఉండాలి.

రాశాక ఆ వాక్యంలో "అంట" ఎక్కడుందో చూసి దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. విన్నదానికీ కన్నదానికీ తేడా చెప్పే గుర్తు మన భాషలోనే ఉంది. "పోయారంట", "తేలిందంట", "డాక్టరే చెప్పాడంట". ఒక్కో అంట వెనకా ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషిని వెతుక్కుంటూ రెండడుగులు వెనక్కి వెళ్లండి. "మీకు ఎవరు చెప్పారు పిన్నీ? వాళ్లు చూశారా, వాళ్లకీ ఎవరైనా చెప్పారా?" అని మెల్లగా అడిగితే చాలు. చాలా మాటలు రెండో ఫోన్ దగ్గరే ఆగిపోతాయి.

అబద్ధమైతే ఏం కనిపించాలో ముందే రాసుకోండి

నన్నడిగితే అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. చూసిన తర్వాత అర్థం చెప్పుకుంటే మనసు మనకి కావలసిన అర్థమే చెబుతుంది.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలు ఒక రోజు ఫోన్ చేసి, "అక్కా, రేషన్ బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి. రంగు కూడా తేడాగా ఉంది. ప్లాస్టిక్కే, నాకు టెన్షన్‌గా ఉంది" అంది. ఇద్దరం వీడియో కాల్‌లోనే పని మొదలుపెట్టాం. మీరూ ఇలా చేయవచ్చు.

అనుమానంగా ఉన్న గింజలు ఓ పది ఏరండి. మీరు ఎప్పుడూ వాడే సన్నబియ్యం ఇంకో పది తీసుకోండి. పాత ప్లాస్టిక్ మగ్గు లాంటిదాన్నుంచి చిన్న ముక్కలు కత్తిరించి పెట్టుకోండి. ఇక్కడ మూడో గ్లాసు ఆ ప్లాస్టిక్ ముక్కలే. ప్లాస్టిక్ అని భయపెట్టే వీడియోల్లో నిజం ప్లాస్టిక్‌ని పక్కన పెట్టి చూపించినవాళ్లు నాకింతవరకూ కనిపించలేదు. ఇప్పుడు కాగితం మీద రాయండి: "ఈ గింజ బియ్యమే అయితే ఉడికితే మెత్తబడాలి, అయోడిన్ చుక్క వేస్తే నల్లగానో ముదురు నీలంగానో మారాలి. ప్లాస్టిక్ అయితే మెత్తబడదు, మందు రంగు తప్ప వేరే రంగు రాదు." పిండిపదార్థం అయోడిన్‌తో నీలం రంగుకి తిరుగుతుంది, ప్లాస్టిక్‌లో పిండిపదార్థం ఉండదు. అంతే కిటుకు.

మూడింటినీ వేర్వేరు చిన్న గిన్నెల్లో పావుగంట ఉడికించండి. చల్లారాక తెల్ల సాసర్లలో పెట్టి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ నీళ్లలో పలుచన చేసి ఒక్కో చుక్క వెయ్యండి. చెల్లెలి సాసర్లలో సన్నబియ్యం నల్లబడింది. పసుప్పచ్చ గింజలూ నల్లబడ్డాయి. మగ్గు ముక్కలు ఉడకబెట్టినా గట్టిగానే ఉన్నాయి, మందు వాటి మీంచి జారిపోయింది. పరీక్షకు వాడిన గింజలన్నీ పారెయ్యాలి, తినకూడదు.

మరి ఆ గింజలేంటి? రేషన్ బియ్యంలో అప్పట్లో కలిపిన ఫోర్టిఫైడ్ (పోషకాలు చేర్చిన) గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో మిషన్‌లో ఒత్తి, మామూలు బియ్యంలో నూటికి ఒక వంతు చొప్పున కలిపేవారు. మామూలు గింజలా ఉండవు కాబట్టే కంటికి ఆనతాయి, కొన్ని తేలతాయి. మా చెల్లెలు అప్పటిదాకా వాటిని ఓపిగ్గా ఏరి పారేస్తోంది. రక్తహీనత తగ్గాలని కలిపిన గింజల్నే ఏరి పారేస్తున్నామని తెలిసి చాలా బాధపడింది. ఆ విషయం సంచి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో, బొమ్మతో సహా ఉండాలని నా గట్టి అభిప్రాయం. జనం అనుమానపడటంలో తప్పేం లేదు. చెప్పాల్సిన మాట చెప్పాల్సినచోట లేకపోతే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి

ఇది చిన్న విషయమే కానీ ఎక్కువమంది తప్పేది ఇక్కడే. గుంటూరు వైపు ఇళ్లలో ఎండుమిర్చి కొని, తొడిమలు తీసి, మరలో కారం పట్టించుకుంటారు కదా. బయట విడిగా కొన్న కారంతో దాన్ని పోల్చాలంటే రెండు ఒకేలాంటి గాజు గ్లాసులు, ఒకే కుళాయి నీళ్లు, ఒకే చెంచా కొలత ఉండాలి. కారం తప్ప ఏదీ మారకూడదు. నీళ్ల మీద కారం చల్లి, కలపకుండా చూడండి. రంగు కలిపిన కారమైతే నీళ్లలోకి ఎర్రటి చారలు దారాల్లా దిగుతాయి. మీరు పట్టించిన కారంలో అలా దిగవు. మిరప సహజమైన ఎరుపు నీళ్లలో కంటే నూనెలో బాగా కరుగుతుంది. ఆవకాయ మీద తేలిన నూనె అంత ఎర్రగా ఉండటానికి కారణం అదే. అడుగున ఇసుకలా పేరుకున్నది వేళ్ల మధ్య గరగరలాడితే ఇటుకపొడో ఇసుకో ఉందని అనుమానించాలి.

ఈ పరీక్షకీ ఒక హద్దుంది. నీళ్లలో కరిగే రంగునే ఇది పట్టుకుంటుంది. సుడాన్ లాంటి నిషేధిత రంగులు నూనెలో కరిగేవి, ఈ గ్లాసులో అవి దొరకవు. చారలు వస్తే అనుమానించండి. రాకపోతే స్వచ్ఛమని సర్టిఫికెట్ ఇచ్చేయకండి. గట్టి అనుమానం ఉంటే 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కొన్నవాళ్లకే ఒక హక్కు ఇచ్చింది. ఫీజు కట్టి శాంపిల్‌ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ప్యాకెట్ అయితే దాని మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో ముందు చూడండి.

లెక్కలోకి రానివాళ్లని వెతకండి

పచ్చకామెర్లు వస్తే పసరు పోయించుకోవడం మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అందరూ ఎరిగిన సంగతి. "ఫలానా ఊళ్లో పసరు పోస్తే మూడు వారాల్లో తగ్గింది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకి నిజంగానే తగ్గింది.

కలుషిత నీళ్లవల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ అనే రకాలు చాలామందిలో ప్రత్యేకమైన మందేమీ లేకుండా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. లెక్క కోసం నూరుమంది పసరుకి వెళ్లారని, అందులో తొంభైమందికి ఎలాగూ తగ్గేదే అని అనుకుందాం. ఆ తొంభైమందీ ఊరంతా చెబుతారు. మిగతా పదిమంది? వాళ్లని ఆ పసరు పోసినచోట అడిగితే ఎవరికీ తెలియదు. వాళ్లు ఆస్పత్రిలో ఉంటారు, కొందరు ఇక లేరు. మూడో గ్లాసు ఇక్కడ రెండు చోట్ల ఉంది: పసరు తాగినా తగ్గనివాళ్ల దగ్గర, పసరు తాగకుండానే తగ్గినవాళ్ల దగ్గర. ఈ ఇద్దర్నీ లెక్కపెట్టకుండా పసరు పని చేసిందో లేదో ఎవరికీ తెలియదు.

కళ్లు పచ్చబడటానికి కారణం ఒకటే కాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా పచ్చబడతాయి, హెపటైటిస్ బి వచ్చినా పచ్చబడతాయి. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదకి వస్తుంది. కొన్ని ఆకుల పసర్లే కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అందుకని ముందు రక్తపరీక్ష చేయించి ఏ రకమో తెలుసుకోండి. పథ్యం ఇంట్లో మీ ఇష్టం, ఆ రక్తపరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు.

ఇదే చూపుతో ఒకసారి విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా కాలేజీల హోర్డింగులు చూడండి. జూన్ వచ్చేసరికి ఊరంతా ర్యాంకులే. 1, 2, 5, 9, పిల్లల నవ్వు మొహాలు. ఆ ర్యాంకులు నిజమే అయినా మీకు కావలసిన సమాధానం అక్కడ లేదు. ఆ ఏడాది అక్కడ ఎంతమంది చేరారు? ఎంతమంది పరీక్ష రాశారు? వీళ్లు చేరేనాటికే పదో తరగతిలో ఎన్ని మార్కులవాళ్లు? అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకెళ్లి అడగండి: "మా అబ్బాయిలాంటి మార్కులతోనే పోయినేడు మీ దగ్గర చేరిన పిల్లలందరికీ చివరికి ఏం వచ్చింది?" అందరికీ అనే మాట నొక్కి చెప్పండి. ఒక పిల్లవాడి పేరు చెబితే థ్యాంక్స్ చెప్పి మళ్లీ అదే ప్రశ్న వేయండి. అప్పు తెచ్చి ఫీజు కట్టే తల్లిదండ్రుల్ని నేను రోజూ చూస్తాను. రాత్రి పదింటికి స్టడీ అవర్ నుంచి వచ్చే పిల్లల మొహాలూ చూస్తాను. ఆ హోర్డింగు మీద లేని పిల్లలే ఎక్కువమంది. మనవాడు ఎవరిలో ఒకడవుతాడో ఆలోచించాల్సింది వాళ్లని చూసి.

ఇంట్లో పరీక్షించకూడనివి

పాము కాటు. మంత్రం వేయించుకుని బతికినవాళ్లలో చాలామందిని కరిచింది విషం లేని పాము, లేదా కరిచినా విషం ఎక్కించని పాము. అది తేలేదాకా ఆగడానికి వీల్లేదు. కట్లపాము కాటుకైతే ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు. కొయ్యకండి, పీల్చకండి, గట్టిగా కట్టకండి. మనిషిని కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, యాంటీవీనమ్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.

గుండెనొప్పి, పసిబిడ్డకి జ్వరం, షుగర్‌కీ బీపీకీ వేసుకునే మాత్రలు మానేయడం, ఇవీ అంతే. "షుగర్ పూర్తిగా నయం చేస్తాం" అన్న ప్రకటన కనిపిస్తే మీరు పరీక్షించనక్కర్లేదు. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది.

హడావుడిలో ఉన్నప్పుడు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వైపు నీళ్లలో మునిగినప్పుడు మా పిన్ని వాళ్లు డాబా మీద ఉన్నారు. ఆ రాత్రి కుటుంబం గ్రూపులో "బ్యారేజీ తెగిందంట" అని మెసేజ్ వచ్చింది. అది చదివాక మాలో ఎవరికీ చేతులు ఆడలేదు.

అలాంటప్పుడు నాలుగు ముక్కలే అడగండి: ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎవరు చెప్పారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి, రెండోది 5.69 లక్షలకి ఇస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. ఆ సెప్టెంబరులో ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది, అదే రికార్డు. పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకుని కౌంటర్‌వెయిట్లు (గేట్లకి తూకంగా ఉండే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి. బ్యారేజీ మాత్రం నిలబడింది. సింగ్‌నగర్‌లో నీళ్లు బుడమేరువి. ఈ అంకెలు ముందే తెలిసుంటే ఒక మెసేజ్ చూసినప్పుడు దాన్ని దేనితో పోల్చాలో తెలుస్తుంది. వానాకాలం మొదట్లోనే మీ వీధికి దగ్గర్లో ఉన్న నది, వాగు, కాలవ పేర్లు, హెచ్చరిక అంకెలు ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. విపత్తుల సంస్థ నంబరు 1070 కూడా రాయండి.

ఒక్క జాగ్రత్త. "నీళ్లొస్తున్నాయి, మెరకకి వెళ్లండి" అంటే రుజువు కోసం కూర్చోకండి. వెళ్లాక అబద్ధమని తేలితే పోయేది ఒక పూట. నిజమై ఉండి వెళ్లకపోతే పోయేది ప్రాణం. ముందు వెళ్లండి, తర్వాత కనుక్కోండి. ఫార్వర్డ్ చేయడం మాత్రం కనుక్కున్న తర్వాతే.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు

2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం వచ్చింది. మా ఆడపడుచుకి అప్పుడు ఏడో నెల, మా ఇంట్లోనే ఉంది. "చీకటిగదిలో కదలకుండా పడుకోవాలి, నీళ్లు కూడా ముట్టుకోకూడదు. లేకపోతే బిడ్డకి మొర్రి వస్తుంది" అని గ్రహణానికి ముందే అంది అత్తయ్య. పెదవి చీలికకి మన వాడుక పేరే గ్రహణం మొర్రి. మాటలోనే కారణం ఉన్నట్టుంటే నమ్మకం ఎంత గట్టిగా ఉంటుందో ఆలోచించండి.

వాదించలేదు. పక్కన కూర్చుని అడిగాను. "అత్తయ్యా, మీ పెద్దమ్మగారి మనవడికి మొర్రి ఉండేది కదా. వాళ్లమ్మ ఆ గ్రహణం రోజు బయటికొచ్చిందా?"

"లేదే. మేమే గదిలో పెట్టి తలుపేశాం." కాసేపు ఆగింది. "అయినా వచ్చింది."

"పెదవి రెండో నెల లోపలే ఏర్పడిపోతుందట అత్తయ్యా. డాక్టర్ చెప్పింది. ఇప్పుడు ఏడో నెల."

నేనన్నదీ "అట" మాటే కాబట్టి, మర్నాడు చెకప్‌కి అత్తయ్యనీ వెంట తీసుకెళ్లి డాక్టర్‌నే అడగమన్నాను. వంశపారంపర్యంగా వచ్చే గుణాలు, మొదటి వారాల్లో పోషణ, కొన్ని మందులు కారణాలు కావచ్చని ఆమే వివరించి చెప్పింది. గ్రహణం రాత్రి మా ఆడపడుచు వేళకి అన్నం తింది, నీళ్లు తాగింది. అత్తయ్య పట్టుస్నానం, విడుపుస్నానం తను చేసుకుంది. అందులో ఎవరికీ నష్టం లేదు, నేను వద్దనలేదు. నవంబరులో పాప పుట్టింది. ఒక్క పాపతో ఏదీ రుజువు కాదని అత్తయ్యకి నేనే చెప్పాను. రుజువు మనకి అనుకూలంగా ఉన్నప్పుడు కూడా లెక్క అదే ఉండాలి. (సూర్యగ్రహణం మాత్రం గర్భిణులే కాదు, ఎవరూ వట్టి కళ్లతో చూడకూడదు. కంటి రెటీనా కాలిపోతుంది.)

మన ఊరికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకి తెచ్చారు. ఆ కేంద్రంవాళ్లు జనం ముందు నిప్పుల మీద నడిచి చూపించేవాళ్లు. మొక్కుకున్నవాళ్లకే కాళ్లు కాలవని చెబితే, మొక్కు లేనివాళ్లు నడవడమే మూడో గ్లాసు. బొగ్గు నుంచి వేడి నెమ్మదిగా అందుతుంది, పాదం దాని మీద ఆనేది క్షణం సేపే. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగుతున్నాడని క్యూలు కట్టినప్పుడు శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి చెంచాతో పట్టారు. తలతన్యత (ద్రవం పైపొరలో ఉండే బిగువు) వల్ల పాలు చెంచాలోంచి విగ్రహం మీదకి లాగబడి, పల్చని పొరలా కిందికి జారడం ఆ రంగుతో కనిపించింది. ఈ పద్ధతి వాడటానికి మీరు నాస్తికులు కానక్కర్లేదు. మా అత్తయ్య రోజూ కనకదుర్గమ్మకి దీపం పెడుతుంది, పాలవాడి పాలు కూడా పరీక్షిస్తుంది. నున్నటి ఏటవాలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, తెల్లటి చార వదులుతూ మెల్లగా జారిందా, నీళ్లలా జర్రున జారిందా అని చూస్తుంది.

వీధిలోకి తీసుకెళ్లండి

ఇంట్లో అలవాటయ్యాక నలుగురికీ పనికొచ్చే ఒక ప్రశ్న తీసుకోండి. నీళ్లతో మొదలుపెట్టాం కాబట్టి నీళ్లే తీసుకుందాం. కుళాయి నీళ్లలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో పైపు ఎక్కడైనా పగిలి మురుగు కలిస్తే క్రిముల్ని చంపేది అదే. చూడటానికి క్లోరిన్ టెస్ట్ కిట్ చాలు: చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. కిట్ కొనుక్కోవచ్చు, లేదా మీ వార్డు ఆఫీసులో అడిగి వాళ్లనే వచ్చి చూడమనవచ్చు. "ఎందుకమ్మా మీకివన్నీ" అని ఎవరైనా అంటే, శాస్త్రీయ దృక్పథాన్ని, తెలుసుకోవాలనే తపనను పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976 నాటి సవరణతో రాజ్యాంగం 51ఎ అధికరణలోనే చేర్చారని చెప్పండి.

ఒక్క ఇంట్లో చూసి ఆగకండి. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చనిపోయినవాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటూ పోతే అవి బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ తేలాయి. ఆ లెక్క చూపించి పంపు పిడి తీయించాడు. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ పంపు పక్కనే పనిచేసే బీరు కార్ఖానా కూలీలకి జబ్బు ఎందుకు రాలేదని అడిగాడు. వాళ్లు ఆ పంపు నీళ్లు తాగడం లేదు. జబ్బు రానివాళ్లనీ లెక్కలో కలుపుకున్నాడు కాబట్టే ఆయన మాటకి బలం వచ్చింది.

మీరూ వీధి మొదటి ఇల్లు, మధ్య ఇల్లు, చివరి ఇల్లు, ఈ మూడింట్లో వారంపాటు చూడండి. ట్యాంకులోవి కాకుండా నీళ్లు వదిలినప్పుడు నేరుగా కుళాయి నుంచి వచ్చేవే పట్టండి. నోటుబుక్కులో తేదీ, టైము, ఏ ఇల్లు, ఏ రంగు, నీళ్లకి వాసన ఏమైనా ఉందా అన్నది రాయండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు అయితే అదీ రాయండి, కాకపోతే కాలేదని కూడా రాయండి. చివరి ఇంట్లో మాత్రమే రంగు రాకపోతే మధ్య ఇంటికీ చివరి ఇంటికీ నడుమ పైపు ఎక్కడ కాలవ దాటుతోందో వెళ్లి చూడండి, ఫోటో తీయండి. అర్జీలో "నీళ్లు బాగోలేవు" అని రాయకుండా ఆ వారం పట్టికనే అంటించండి. రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ నెల నీటి పరీక్షల నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

అంతవరకూ చివరి ఇళ్లవాళ్లని నీళ్లు మరగబెట్టుకుని తాగమని చెప్పండి. పైపు బాగుచేశారని కబురొచ్చాక అవే మూడు ఇళ్లలో, అదే టైముకి, ఇంకో వారం చూడండి.